గ్యాస్ అయిపోయిందా, సెన్సర్ చెడిందా?

ఫ్రీజర్‌లో ఐస్ గడ్డకడుతూనే ఉంటుంది, కింది అరలో మాత్రం పాలు విరిగిపోతాయి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో ఇలా జరిగితే చాలామంది గ్యాస్ అయిపోయిందనుకుని నింపించేస్తారు. చాలాసార్లు ఆ ఖర్చు వృథా.

ముందుగా ఫ్రిజ్ ఆపి, తలుపులు తెరిచి ఒక రోజంతా ఉంచాలి. ఆన్ చేశాక కొన్ని రోజులు బాగా పనిచేసి మళ్లీ మొరాయిస్తే డీఫ్రాస్ట్ వ్యవస్థను అనుమానించాలి. ఫ్రీజర్ వెనుక పలక విప్పితే సంగతి ఇంకాస్త తేలుతుంది. గ్యాస్ తగ్గినప్పుడు సాధారణంగా కాయిల్‌పై కొంతమేరకే మంచు పడుతుంది. డీఫ్రాస్ట్ ఆగితే కాయిల్ అంతా మంచు కప్పేసి, గాలి కిందికి వెళ్లే దారి మూసుకుపోతుంది.

ఆ మంచును కరిగించే హీటర్‌ను ఎప్పుడు ఆపాలో బోర్డుకు తెలిపేది డీఫ్రాస్ట్ సెన్సర్. చాలా ఫ్రిజ్‌లలో అది థర్మిస్టర్. చల్లబడేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. చెడిపోయి నిరోధం తక్కువగా చూపితే, కాయిల్ వేడెక్కిందనుకుని బోర్డు హీటర్‌ను ముందే ఆపేస్తుంది.

పరీక్షించాలంటే ప్లగ్ తీసి, కనెక్టర్ విడదీసి, సెన్సర్‌ను ఐస్ నీళ్లలో కాసేపు ముంచి మల్టీమీటర్‌తో కొలవాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 కిలోఓమ్‌లు ఉండే రకం 0 డిగ్రీల వద్ద సుమారు 27 నుంచి 33 కిలోఓమ్‌లు చూపాలి. మోడల్‌ను బట్టి అంకె మారుతుంది కాబట్టి సర్వీసు పట్టికతో పోల్చాలి. కొలత సరిగ్గానే ఉంటే తర్వాత చూడాల్సినవి హీటర్, థర్మల్ ఫ్యూజు. మంచును చాకుతో మాత్రం గీకకూడదు. కాయిల్‌కు చిల్లుపడితే గ్యాస్ నిజంగానే పోతుంది.