కంటి కండకు అతుకు: కుట్టా, జిగురా, మన నెత్తురేనా?

కంట్లో కండ పెరిగిందని డాక్టరు చెప్పగానే బెంగపడకు చెల్లీ. ఇది శుక్లం కాదు, టెరీజియం. ఎక్కువగా ముక్కువైపు నుంచి బయల్దేరి నల్లగుడ్డు మీదికి పాకుతుంది. ఏళ్లతరబడి ఎండలో, దుమ్ములో కష్టం చేసేవాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది. కలుపు తీసే మన అక్కల కళ్లు ఒకసారి చూడు. చిన్నదైతే చుక్కల మందు, చలవ కళ్లద్దాలతో నెట్టుకురావచ్చు. సిలిండర్ పవర్ తెచ్చి చూపు చెదరగొడుతున్నా, కంటిపాప దాకా వస్తున్నా తీయించుకోవాల్సిందే. ఆకు పసర్లు మాత్రం పోయనివ్వకు తల్లీ, కన్నే పోవచ్చు.

ఊరికే కోసి వదిలేస్తే చాలామందికి మళ్లీ పెరుగుతుంది. అందుకే పైరెప్ప కిందినుంచి మన కంటి పొరనే పలుచగా తీసి ఆ ఖాళీలో అతుకు వేస్తారు. 1985లో కంటి డాక్టరు కెన్యాన్ బృందం ఫలితాలు ప్రచురించాక ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. నీకు నీటికాసులు, అదే గ్లకోమా ఉంటే ముందే చెప్పు. పైభాగం పొరను రేపు గ్లకోమా ఆపరేషన్ అవసరమైతే పనికొచ్చేలా దాచి, కిందివైపు నుంచి తీసుకోవచ్చు.

ఇక ఆ అతుకును దేనితో నిలబెడతారనే సంగతి. కుట్లేస్తే గట్టిగా ఉంటుంది, ఖర్చూ తక్కువే. కాకపోతే ఆపరేషన్‌కి ఎక్కువసేపు పడుతుంది, కొన్నాళ్లు నలుసు పడ్డట్టు గరగరలాడుతుంది. నైలాన్ దారమైతే తర్వాత తీయించుకోవాలి కూడా.

ఫైబ్రిన్ జిగురైతే పని త్వరగా అయిపోతుంది, నొప్పీ తక్కువ. రోగుల మీద జరిగిన 14 పరీక్షలను కలిపి చూసిన 2016 నాటి కాక్రేన్ సంస్థ సమీక్షలో, జిగురు వేసినవాళ్లకు కండ తిరిగి రావడం కుట్లవాళ్లకన్నా తక్కువని తేలింది. అయితే అతుకు ఊడిరావడం, ముడుచుకోవడం లాంటి ఇబ్బందులు జిగురుతోనే ఎక్కువ కనబడ్డాయి. ఖరీదూ ఎక్కువే. దాతల రక్తం నుంచి చేస్తారు కాబట్టి బాగా శుద్ధి చేసినా జబ్బు అంటుకునే ముప్పు పూర్తిగా లేదనలేం.

మూడోది మన నెత్తురే. కోసినచోట ఊరిన రక్తం మీద అతుకు పరిచి, కొన్ని నిమిషాలు కదలకుండా ఉంచి, కట్టు కట్టేస్తారు. జిగురుకి పైసా ఖర్చుండదు. కానీ మొదటి ఒకటి రెండు రోజుల్లో రెప్ప నలిపితే అతుకు జారిపోవచ్చు.

నా మనసులో మాట ఇక్కడే ఉంది. మర్నాడే పొయ్యి దగ్గర పొగలో నిలబడక తప్పని ఇల్లైతే, చంటిబిడ్డ చెయ్యి కంట్లో తగిలే ఇల్లైతే, నెత్తురు పద్ధతికి తొందరపడకు. ఇంట్లో నీ పరిస్థితేమిటో డాక్టరుకి విడమరిచి చెప్పు. "మీ చేతికి ఏది బాగా అలవాటండీ?" అని కూడా అడుగు, మొహమాటపడకు. వారం రోజులు వంట ఎవరు చేస్తారో ఆపరేషన్‌కి ముందే మీ ఆయనతో, అత్తగారితో తేల్చుకో. చుక్కల మందు చెప్పినన్నాళ్లూ వెయ్యి. నొప్పి పెరిగినా, చూపు మసకబారినా చెకప్ తేదీ దాకా ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లు.