రియోలో సంతకం, అమరచింతలో వేపాకు

గచ్చిబౌలి బయోడైవర్సిటీ జంక్షన్ మనలో చాలామందికి ట్రాఫిక్ జామ్‌గానే తెలుసు. ఆ పేరు పక్కనున్న బయోడైవర్సిటీ పార్క్ నుంచి వచ్చింది. ఆ పార్క్ వెనక 2012 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశం ఉంది. జీవవైవిధ్య ఒప్పందంలో ఉన్న దేశాల 11వ సమావేశం అది. షార్ట్‌గా కాప్ 11 అంటారు.

ఈ వ్యాసంలో చూసేది ఒక్కటే ప్రశ్న. దేశాలు సంతకం పెట్టిన ఒప్పందంలో మన పంచాయతీకి, మున్సిపాలిటీకి పనేంటి?

ఒప్పందం ఏం చెప్తుంది?

1992 జూన్‌లో రియో డి జనీరోలో దీన్ని సంతకాలకు పెట్టారు. 1993 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చింది. 1994లో మన దేశం చేరింది. లక్ష్యాలు మూడు: జీవజాతుల్ని కాపాడటం, తరిగిపోకుండా వాడుకోవడం, వాటి వల్ల వచ్చే లాభాన్ని న్యాయంగా పంచుకోవడం. మూడోది గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని పడుతుంది.

ఇందులో సభ్యులు 196. అన్నీ దేశాలే, వాటితో పాటు యూరోపియన్ యూనియన్. మేయర్లు, రాష్ట్రాల ప్రతినిధులు పరిశీలకులుగా వచ్చి కూర్చోవచ్చు, అవకాశమిస్తే మాట్లాడొచ్చు. నిర్ణయం మాత్రం సభ్యులదే. మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే వాళ్లకి రీడ్ పర్మిషన్ ఉంది, రైట్ పర్మిషన్ లేదు.

కానీ పని జరిగేది ఎక్కడ? లేఅవుట్‌కి అనుమతి, చెరువులో కలిసే మురుగునీరు, చెత్త, పార్కులు, ఊరి పోరంబోకు భూమి, వీటిలో చాలావరకు లోకల్ బాడీ చేతుల మీదుగా నడిచేవే. మాట ఇచ్చింది ఢిల్లీ, నిలబెట్టాల్సింది సర్పంచ్.

ఈ తేడాని ఒప్పందం మెల్లగా గుర్తించింది. 2008లో జర్మనీలోని బాన్‌లో జరిగిన సమావేశం నగరాల మీద మొదటిసారి ప్రత్యేకంగా ఒక తీర్మానం చేసింది. 2010లో జపాన్‌లోని నగోయాలో నగరాలు, స్థానిక సంస్థల కోసం 2020 వరకు ఒక కార్యాచరణ ప్రణాళిక పెట్టుకున్నారు. 2012లో మన హైదరాబాద్‌లో కాప్‌తో పాటే నగరాల సదస్సు కూడా జరిగింది. 2022 డిసెంబర్‌లో మాంట్రియల్‌లో 23 లక్ష్యాలతో కొత్త ఒప్పందపత్రం వచ్చింది. అందులో 12వది నగరాల్లో పచ్చదనం, నీటి వనరుల గురించే. స్థానిక సంస్థల ప్రణాళికని కూడా 2030 వరకు కొత్తగా రాశారు. అయితే ఇవన్నీ చెప్పేది, దేశాలు తమ స్థానిక ప్రభుత్వాల్ని కలుపుకుని పోవాలని. కలుపుకుంటారా లేదా అన్నది ఆ దేశం చట్టం మీద ఆధారపడుతుంది.

మన చట్టం ఏం చేసింది?

ఈ విషయంలో మన చట్టం బాగానే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలంది. 2004 రూల్స్ కమిటీలో మూడో వంతుకి తగ్గకుండా మహిళలు ఉండాలని చెప్పాయి. ఆ ఊరి పరిధిలోని జీవ వనరుల మీద నిర్ణయం తీసుకునేటప్పుడు జాతీయ, రాష్ట్ర సంస్థలు ఈ కమిటీని సంప్రదించాలి. వ్యాపారం కోసం సేకరించే వాళ్ల నుంచి కమిటీ ఫీజు కూడా వసూలు చేయొచ్చు.

ఇది నిజంగా పనిచేసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. హైదరాబాద్ కంపెనీ ఒకటి 2,000 కిలోల వేపాకు జపాన్‌కి ఎగుమతి చేసింది. అందుకు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకి 55,035 రూపాయల రాయల్టీ కట్టింది. అందులోంచి 20,000 రూపాయలు అమరచింత కమిటీకి వచ్చాయి, వేప మొక్కలు నాటడానికి, ఊళ్లో అవగాహన కల్పించడానికి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వనపర్తి జిల్లా. డబ్బు చిన్నదే. కానీ రియోలో రాసుకున్న ఆ మూడో లక్ష్యం ఒక పాలమూరు ఊరిదాకా నడిచి వచ్చింది.

ఎలా వచ్చింది? ఇలాంటి అనుమతికి పెట్టే అప్లికేషన్‌లో వనరు ఎక్కడ సేకరిస్తారో రాయాలి. ఊరు పేరు తెలిస్తేనే వాటా ఊరికి చేరుతుంది.

రిజిస్టర్‌లో ఒక కాలమ్

అందుకే కమిటీకి చట్టం ఇచ్చిన పెద్ద పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్. ఊళ్లో ఏ మొక్కలున్నాయి, ఏ పంట రకాలున్నాయి, ఏది దేనికి వాడతారు, ఎవరికి తెలుసు, ఇవన్నీ ఊరి వాళ్లని అడిగి రాయాలి.

చాలా ఏళ్లు చాలా పంచాయతీల్లో ఇది జరగలేదు. 2016లో విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లింది. 2020 జనవరి 31లోగా పూర్తి చేయాలి, లేదంటే రాష్ట్రాలు నెలకి 10 లక్షలు కట్టాలి అని 2019లో ట్రిబ్యునల్ చెప్పింది. ఇక చూడండి, దేశంలో కమిటీల సంఖ్య రెండున్నర లక్షలు దాటిపోయింది. అసైన్‌మెంట్ డెడ్‌లైన్ ముందురోజు రాత్రి ఏం జరుగుతుందో మనకి వేరే చెప్పాలా? తొందర్లో నింపిన రిజిస్టర్లు చాలా ఉన్నాయన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది.

ఆ రిజిస్టర్ ఫార్మాట్‌లో శాస్త్రీయ నామంతో పాటు స్థానిక నామం అని ఒక కాలమ్ ఉంటుంది. శాస్త్రీయ నామం ఫోన్ కెమెరా కూడా చెప్పేస్తుంది. స్థానిక నామం, దాని వాడకం ఊళ్లో మనిషే చెప్పాలి. వినాయక చవితి పత్రిలో ఉండే ఉత్తరేణిని గట్టు మీద చూపిస్తే మనలాంటి ఇంగ్లీష్ మీడియం బ్యాచ్‌లో ఎంతమంది గుర్తుపడతారు? మన నానమ్మలు గుర్తుపడతారు. వాళ్లని అడగడానికి మనకున్న టైమ్ మాత్రం తక్కువ.

తెలుగు క్లబ్‌కి ఈ టాపిక్ ఎందుకంటే ఇందుకే. 196 మంది సభ్యుల ఒప్పందం చివరికి ఒక తెలుగు పేరు దగ్గరకి వచ్చి ఆగుతుంది. ఆ పేరు రాసి లేకపోతే, రేపు ఎవరైనా ఆ మొక్కతో వ్యాపారం చేసినప్పుడు అది మా ఊరిది అని చెప్పుకోవడానికి ఊరి చేతిలో కాగితం ఉండదు.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు పంచాయతీ ఆఫీసులో జీవవైవిధ్య రిజిస్టర్ ఉందా అని అడగండి. ఉంటే ఆ కాలమ్ చదవండి. ఖాళీగా ఉంటే రెండు పేర్లు మీరు కనుక్కుని కమిటీకి ఇవ్వండి.