పిల్లి కాస్తా పల్లి అయింది: సాకెట్లతో ఒక చిన్న డౌన్‌లోడర్

ఫ్రెండ్స్, ఈసారి కవిత కాదు, నెట్‌వర్క్స్ లాబ్ కథ. ఇది చదివాక మీరే ఒక డౌన్‌లోడర్ రాసుకోవచ్చు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మన క్లబ్ వాళ్ళం ఊళ్ళల్లో పెద్దవాళ్ళ దగ్గర సామెతలు, పొడుపుకథలు రాసుకొచ్చాం. పలమనేరు, పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి... ఎవరి ఊరివి వాళ్ళు టైప్ చేసి, లాబ్‌లోని ఒక పాత కంప్యూటర్‌లో ఒకే ఫైల్‌గా పెట్టాం. అందులో మా అవ్వ చెప్పినవి నలభై దాకా ఉన్నాయి. అవ్వ ఇప్పుడు లేదు.

మార్చిలో ఒకరోజు సార్ వచ్చి, "సోమవారం ఆ సిస్టమ్ ఫార్మాట్ చేస్తున్నాం, మీవి ఏమైనా ఉంటే తీసేసుకోండి" అన్నారు. పెన్‌డ్రైవ్‌తో రెండు నిమిషాల పని. కానీ అదే వారం అసైన్‌మెంట్ కూడా ఉంది, సాకెట్లతో వెబ్ క్లయింట్ రాయాలి. ఆ కంప్యూటర్‌లో అప్పాచీ సర్వర్ ఎలాగూ నడుస్తోంది. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి కదా అనుకున్నా.

ముందు సాకెట్ అంటే ఏమిటో చూద్దాం. 1983లో బర్క్‌లీ యూనిక్స్‌తో వచ్చిన పద్ధతి ఇది. ఐపీ అడ్రస్ ఇల్లు అనుకుంటే, పోర్ట్ నంబర్ ఆ ఇంట్లో ఒక గది తలుపు. వెబ్ సర్వర్ ఉండే తలుపు 80. పైథాన్‌లో సాకెట్ తయారు చేసి, 'కనెక్ట్' అని ఆ అడ్రస్, 80 ఇస్తే తలుపు తెరుచుకుంటుంది.

తర్వాత అడగాలి. మొదటి లైన్‌లో 'గెట్', ఒక ఖాళీ, ఫైల్ దారి, ఒక ఖాళీ, 'హెచ్‌టీటీపీ/1.0'. రెండో లైన్‌లో 'హోస్ట్' అని సర్వర్ పేరు. ప్రతి లైన్ చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ రెండూ ఉండాలి. ఆఖర్న ఒక ఖాళీ లైన్ తప్పనిసరి. అది మర్చిపోతే మనం ఇంకా ఏదో అడుగుతామని సర్వర్ చూస్తుంది, జవాబు వస్తుందని మనం చూస్తాం. ఇద్దరూ అట్లే కూర్చోవాల్సిందే. 1.0 అని ఎందుకంటే, ఫైల్ ఇచ్చేశాక సర్వరే కనెక్షన్ మూసేస్తుంది. మన పని సులువు.

ఇప్పుడు జవాబు అందుకోవాలి. 'రిసీవ్ 1024' అంటే 1024 బైట్లు వస్తాయని కాదు, అంతకు మించి రావని మాత్రమే. అందుకే లూప్ పెట్టి, ఖాళీ వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. జవాబులో ముందు హెడర్లు, ఒక ఖాళీ లైన్, ఆ తర్వాత అసలు ఫైల్ ఉంటాయి. మొదటి ముక్కలోనే హెడర్లతోపాటు ఫైల్ కొంత వచ్చేయొచ్చు. కాబట్టి అన్నీ ఒకే చోట పోగేసి, మొదటి ఖాళీ లైన్ దగ్గర ఒక్కసారే విడగొట్టాలి. పై లైన్‌లో 200 ఉందో లేదో చూడండి. 404 ఉంటే మీకు దొరికింది ఫైల్ కాదు, 'లేదు' అనే సమాధానం.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. వచ్చిన ప్రతి ముక్కనీ అప్పటికప్పుడే అక్షరాలుగా డీకోడ్ చేశా. ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. నెట్‌లో వెతికితే 'ఇగ్నోర్' అని ఒక మాట దొరికింది. పెట్టా. ఎర్రర్ పోయింది, ఫైల్ వచ్చింది, తెరిస్తే తెలుగు కనబడింది. హమ్మయ్య అనుకుని సార్‌కి "తీసుకున్నాం సార్, ఫార్మాట్ చేసుకోండి" అని చెప్పేశా కూడా.

రాత్రి రూమ్మేట్ ఆ ఫైల్ చదువుతూ పడీ పడీ నవ్వినాడు. "ఏం రా, పల్లికి చెలగాటం ఏంది? ఎలుకకి ప్రాణసంకటం సరే, చెనిక్కాయకి చెలగాట మేంది?"

'పిల్లి'లో గుడి ఎగిరిపోయింది! కారణం ఇది. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు. 'తిరుపతి'లో త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి కలిపి ఏడు గుర్తులు, అంటే 21 బైట్లు. 1024ని మూడుతో భాగిస్తే 341 పోగా ఒకటి మిగులుతుంది. అంటే ముక్క చివర అక్షరం మధ్యలో తెగడం మామూలే. తెగిన రెండు సగాల్నీ 'ఇగ్నోర్' చడీచప్పుడు లేకుండా పారేసింది. ఇంగ్లీషు ఫైల్‌తో టెస్ట్ చేసి ఉంటే ఈ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు.

హెడర్లలో 'కంటెంట్ లెంగ్త్' అని సర్వర్ ముందే ఫైల్ సైజు చెప్తుంది, బైట్లలో. పోల్చి చూస్తే నా ఫైల్ 366 బైట్లు తక్కువ. అంటే 122 గుర్తులు పోయినాయి. వాటిలో మా అవ్వవి ఎన్నో!

మన తిరుపతి ఉదాహరణే తీసుకోండి. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడని ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఉంది. రాగిరేకుల్లో మనకు దొరికినవి అందులో సగం కూడా లేవు. ఆ లెక్క ఒకరు రాసి పెట్టబట్టే ఎంత పోయిందో మనకు తెలుస్తోంది. కంటెంట్ లెంగ్త్ చేసే పని అదే.

తెల్లారి ఆదివారం. సార్‌కి ఫోన్ చేసి నిజం చెప్పా. "ఇంకా చేయలేదులే, వచ్చి తీసుకో" అన్నారు. ఈసారి డీకోడ్ తీసేసి, ఫైల్‌ని బైనరీ మోడ్‌లో తెరిచి, వచ్చిన బైట్లు వచ్చినట్టే రాశా. సైజు సరిపోయింది. పిల్లి మళ్ళీ పిల్లి అయింది.

మీరు రాసేటప్పుడు మూడు గుర్తుపెట్టుకోండి. బైట్లని బైట్లుగానే దాచాలి, అక్షరాలుగా మార్చడం చివర్లో ఒక్కసారే. సైజు సరిపోల్చకుండా 'వచ్చేసింది' అనకూడదు. ఎర్రర్ నోరు మూయించడం, తప్పు దిద్దడం ఒకటి కాదు.

మధ్యలో నెట్ పోతే మొదటినుంచి తెచ్చుకోనక్కర్లేదు. 'రేంజ్' హెడర్‌లో ఎన్నో బైటు నుంచి కావాలో చెప్తే, ఒప్పుకునే సర్వర్ 206 అని మిగతాది ఇస్తుంది. ఇక 443 పోర్ట్‌లో ఉండే హెచ్‌టీటీపీఎస్ సైట్లకైతే సాకెట్ మీద టీఎల్ఎస్ పొర కూడా వేయాలి. ఆ రెండూ మీరు ప్రయత్నించండి. టెస్ట్ చేయడానికి మాత్రం తెలుగు ఫైలే వాడండి. మా సామెతల ఫైల్ ఇస్తాను, ఇప్పుడది మూడు చోట్ల ఉంది.