నర్సింగ్ విద్య: బోధన, పరిశోధన

మన దేశంలో బీఎస్సీ నర్సింగ్ 1946లో ఢిల్లీలోనూ, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనూ మొదలైంది. దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ నివేదిక వచ్చింది కూడా ఆ ఏడాదే. మరుసటి ఏడాది భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. దాని స్థానంలో తెచ్చిందే 2023 నాటి జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం. కమిషన్‌లో 29 మంది సభ్యులు, దాని కింద మూడు స్వయంప్రతిపత్తి బోర్డులు.

2014 తర్వాత ఏర్పడిన వైద్య కళాశాలల పక్కనే 157 నర్సింగ్ కళాశాలలు పెడతామని 2023-24 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. భవనాలు లేస్తాయి సరే, పాఠం చెప్పేదెవరు? ఎమ్మెస్సీ చదివినవారిలో చాలామంది చూపు విదేశాల మీదే. ఉన్న అధ్యాపకులకు తరగతి, వార్డు పర్యవేక్షణ, కేసు రికార్డులు దిద్దడంతోనే పొద్దు గడిచిపోతుంది.

పరిశోధనదీ ఇంచుమించు అదే కథ. ఎమ్మెస్సీ సిద్ధాంత వ్యాసాల్లో తరచూ కనిపించే పద్ధతి ఒకటుంది: కొందరికి ప్రశ్నావళి ఇస్తారు, పాఠం చెబుతారు, అదే ప్రశ్నావళి మళ్లీ ఇచ్చి మార్కులు పెరిగాయని తేలుస్తారు. పెరగక ఏం చేస్తాయి! మంచంపుండ్లు తగ్గాయా, ఇన్ఫెక్షన్లు తగ్గాయా అని నెలల తరబడి వార్డులో లెక్క కట్టే అధ్యయనాలు కావాలి. క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలను రేఖాచిత్రాలుగా గీసి, 1860లో లండన్‌లో నర్సింగ్ పాఠశాల తెరిచిన ఫ్లోరెన్స్ నైటింగేల్ చేసింది ఆ లెక్కల పనే. ఆమె పుట్టినరోజు మే 12 అంతర్జాతీయ నర్సుల దినోత్సవం.