తెగితేనే ఇద్దరయ్యే పురుగు

యూటీఎమ్ మీద స్టీల్ కడ్డీని లాగితే మధ్యలో నడుములా సన్నబడి టక్కున తెగుతుంది కదా, ల్యాబ్‌లో చూసే ఉంటారు. మంచినీళ్లలో రాళ్ల కింద బతికే ప్లనేరియా అనే బల్లపరుపు పురుగు ఈ పని తనకు తానే చేసుకుంటుంది. జత అక్కర్లేదు, గుడ్లూ అక్కర్లేదు. తోకను రాయికి గట్టిగా అంటించి, తలవైపు ముందుకు లాగుతుంది. దానికున్న బలం ఎంతని! కిటుకంతా నడుములో ఉంది: అక్కడ ఏరియా తగ్గేసరికి అదే బలానికి స్ట్రెస్ పెరిగి, కొన్ని నిమిషాల్లో ఒళ్లు తెగుతుంది. మన నస్పూర్ పక్కన సింగరేణి గనుల్లో హాలేజీ తాడు తెగకూడదని ఎంత జాగ్రత్త పడతారో! దీనికి మాత్రం తెగితేనే సంతానం.

తల ముక్కకు తోక మొలుస్తుంది, సరే. తోక ముక్క సంగతే వింత. ఒకటి రెండు వారాల్లో దానికి మెదడు, కళ్లు కూడా వస్తాయి. ఒళ్లంతా ఉండే నియోబ్లాస్టులనే మూలకణాల పని అది. 279వ వంతు ముక్క నుంచి కూడా పురుగు రాగలదని టి.హెచ్. మోర్గాన్ 1898లోనే రాశాడు. మరి నోరు లేని తోకకు అన్నాళ్లూ తిండెక్కడిది? ఉన్న ఒంటినే కొంత కరిగించుకుంటుంది. అందుకే కొత్త పురుగు తల్లికంటే బాగా చిన్నది.