గాలపు కఱ్ఱయు కండెయు

చెఱువుగట్టుపై వెదురుగెడ చేతబట్టి, నీటిమీది బెండును కన్నార్పక చూచుచు కూర్చుండువానిని మన పల్లెలలో నెఱుగనివారు లేరు. అతని సామగ్రి మిక్కిలి స్వల్పమైనది. గెడ కొనకు దారము, దారము చివర గాలము, గాలమునకు కొంచెము పైన సీసపు గుండు, దానికిని పైన జీలుగుబెండు. ఇంతియే. దీనితో పరిగెలను, జెల్లలను, మట్టగిడసలను హాయిగా పట్టవచ్చును. కాని గెడ యెంత పొడవో దారమును సుమారుగా నంతే యుండవలెను గనుక, గాలము గట్టునుండి నాలుగు బారలు దాటి పోజాలదు. అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు. మూడు కిలోల శీలావతి యొకటి ఎఱను మ్రింగి లోతునకు పరుగిడినచో, దానికి విడుచుటకు దారము లేదు. గెడ వంగగలిగినంత వఱకు వంగును. పిమ్మట దారమో, ముడియో, గెడ కొనయో తెగవలసినదే. పట్టువానికి చేప పోవును. చేపకు మాత్రము గాలము పోదు. అది నోటిలో ముల్లును, వెంట మూరెడు దారమును ఈడ్చుకొనుచు నాచులో చిక్కి కృశించును.

దూరము విసరుటకును, పరుగెత్తు చేపకు దారము విడిచి మరల చుట్టుకొనుటకును పుట్టిన సాధనమే రీలు. అది క్రొత్తది కాదు. చీనా చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతమున వ్రాసిన పటములో, శీతకాలపు సరస్సుపై పడవలో నొంటిగా కూర్చుండి గాలము వేయువాని కఱ్ఱకు చిన్న చక్రము స్పష్టముగా కనబడును. మన దక్కనునందును ఈ వినోదమునకు ప్రాచీన చరిత్ర కలదు. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణ మున్నది. కఱ్ఱను, దారమును, చేపకు తగిన ఎఱను గూర్చి యొక రాజు అంత శ్రద్ధతో వ్రాయుట విశేషమే. తరువాతి కాలమున మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేటను గూర్చి యొక గ్రంథమును, 1887లో మన చెఱువులలో గాలము వేయు విధానమును గూర్చియే వేఱొక గ్రంథమును ప్రకటించెను.

నేడు అంగడికి పోయిన బాలునకు రీళ్ళ బారు చూడగానే తల తిరుగును. వన్నె వన్నెల లోహపు మెఱుగులు, పెట్టెలపై అంకెలు, వర్తకుని వాక్చాతుర్యము. నిజమునకు ముఖ్యముగా తెలియవలసిన భేద మొక్కటే. దారము విడుచునపుడు కండె తిరుగునా, తిరుగదా?

కండె తిరుగు రీలు గాలిపటపు చరఖా వంటిది. గాలి పటమును లాగుకొని పోవునపుడు చరఖా గిరగిర తిరుగుచు దారము నిచ్చును. పటము హఠాత్తుగా నాగిన నేమగును? చరఖా ఆగదు, దారము వదులై చిక్కుపడును. ఈ జాతి రీలుతో విసరినపుడును అట్లే. గుండు నీటిని తాకిన క్షణమున బొటనవ్రేలితో కండెను అదిమి యాపనిచో, దారము పిచ్చుకగూడై పోవును. చేయి తిరిగినవారికి ఇది చక్కని పనిముట్టు. క్రొత్తవానికి మాత్రము, చేపలు పట్టుటకు బదులు చిక్కులు విప్పుటయందే సాయంకాలము గడచును.

కండె తిరుగని రీలును బోధపఱచుకొనుటకు మరమగ్గము కడకు పోవలెను. నాడెలోని కండె నిశ్చలముగా నుండును; పేక నూలు దాని కొనమీదుగా జాఱి వచ్చును. ఇంగ్లండునందు బ్రాడ్‌ఫర్డున ఉన్నిబట్టల పరిశ్రమను నడపిన ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్తు ఈ సూత్రమును రీలునకు అన్వయించి 1905లో పేటెంటు పొందెను. నూలుమిల్లులో దినమును చూచు వస్తువే ఆయనకు చెఱువుగట్టున అక్కఱకు వచ్చినది. ఈ రీలులో విసరునపుడు కండె కదలదు గనుక, గుండు ఆగినంతనే దారమును ఆగును. చుట్టునపుడు కండె చుట్టును ఒక కమ్మి తిరిగి దారమును పేర్చును. క్రొత్తవారు కొనదగినది ఇదియే.

మూడవ జాతి యొకటి కలదు. అందును కండె తిరుగదు. కాని దానిపై మూత యుండి, వెనుకనున్న మీటను నొక్కిన దారము విడువబడును. దీని పుట్టుక వింతైనది. అమెరికాలోని టల్సా నగరమున చమురుబావులలో పేల్చు గడియారపు బాంబులను చేయుచుండిన యొక సంస్థ, హల్ అను గడియారముల పనివాని యూహను గ్రహించి, 1949లో ఈ రీలును అమ్మకమునకు తెచ్చెను. ఏడెనిమిదేండ్ల పిల్లలకు ఇది మిక్కిలి సులువు. కాని మూతక్రింద దారము చిక్కుపడిన కనబడదు; లోన చేరిన ఇసుక వినబడువఱకు తెలియదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి ఆ మీటను దాటి ముందునకు పోగలవాడే.

ఇక అంగడిలో పరీక్ష. తెఱపి కండె రీళ్ళపై 1000, 2500, 4000 అని సంఖ్యలుండును. ఇవి పరిమాణమును సూచించును గాని నిశ్చితమైన కొలతలు కావు. సంస్థను బట్టి కొంచెము మాఱును. మంచినీటి వేటకు 2500 ప్రాంతము చాలును. 5.2:1 అని యున్నచో, పిడిని ఒకమాఱు త్రిప్పిన కమ్మి కండెచుట్టు 5.2 మాఱులు తిరుగునని యర్థము. లోపల బాలు బేరింగులు పది యున్నవని వర్తకుడు చెప్పును. పది నాసి బేరింగులకంటె మూడు మంచివి మేలు. ఈ మాట వర్తకునకు రుచింపదు. కావున అంకెలను విడిచి చేతితో చూడవలెను. పిడిని మెల్లగా త్రిప్పి, గరగరలాడునేమో గమనింపవలెను. దానిని అటునిటు కదల్చి, వదులుగా ఊగునేమో చూడవలెను. కమ్మిని పదిమాఱులు తెఱచి మూయవలెను. ఒక్కమాఱైనను సగములో నిలిచినచో ఆ రీలును బల్లపై పెట్టి వేఱొకటి యడుగవలెను.

అన్నిటికంటెను ముఖ్యమైనది బిగింపు మర. ఇది తఱచుగా కండె తలపై నుండును. చేప యొక పరిమితికి మించి లాగినపుడు కండె కొంచెము తిరిగి దారము నిచ్చునట్లు చేయునది ఈ మరయే. రీలునకు ప్రాణము ఇది, తక్కినదంతయు చక్రమే. మరను కొంచెము బిగించి దారమును చేతితో లాగినచో, అది మొదటినుండి తుదవఱకు ఒకే తీరున జాఱవలెను. మొదట మొండికేసి, పిమ్మట ఒక్కపెట్టున వదలి, మరల పట్టుకొనునది పనికిరాదు. అట్టి కుదుపునకే దారము తెగును. 4 కిలోల బరువునకు తెగు దారమైనచో, మర ఒక కిలో మొదలు సుమారు 1.3 కిలోల లోపల, అనగా నాలుగవ వంతునకును మూడవ వంతునకును నడుమ జాఱునట్లు అమర్చుట వాడుక. దీనిని ఊహించి చెప్పరాదు. దారమును కఱ్ఱ వలయములగుండ తీసి స్ప్రింగు త్రాసు కొక్కెమునకు కట్టి, కఱ్ఱ నెత్తుచు, దారము జాఱ మొదలిడినపుడు ముల్లు ఎచ్చటనున్నదో చూడవలెను. చేప లాగుకొని పోవుచుండగా పిడిని త్రిప్పుట వ్యర్థము. దారము లోనికి రాదు సరికదా, మెలికలు పడును.

కఱ్ఱ సంగతి. పేరునకు కఱ్ఱయే కాని, రీలుతో నమ్ము వానిలో నిపుడు కఱ్ఱ యన్నది అరుదు. గాజునార 1940 దశకమునను, కార్బను నార 1970 దశకమునను దాని స్థానము నాక్రమించినవి. కార్బను కఱ్ఱ తేలిక. చేప ఎఱను ముట్టినను చేతికి తెలియును. కాని రాతిపై పడినచో సన్నని పగులు పుట్టి, మఱునాడు చేప లాగినపుడు విఱుగును. గాజునారది కొంత బరువు, కొంత మొద్దు. అయినను బస్సులో త్రొక్కిసలాటను, తమ్ముని చేష్టలను ఓర్చుకొనును. ధనము పరిమితమైనచో కఱ్ఱను గాజునారదిగా తీసికొని, మిగిలిన సొమ్మును మంచి బిగింపుగల రీలునకు వెచ్చించుట తెలివి.

కార్బను విషయమున ప్రాణముతో ముడిపడిన మాట యొకటి కలదు. అది విద్యుత్తును ప్రసరింపజేయును. మన కాలువగట్ల వెంబడి, చెఱువు అలుగుల కడ విద్యుత్తీగలు సాగియుండుట సామాన్యము. ఏడడుగుల కఱ్ఱను భుజముమీదుగా పైకెత్తినపుడు దాని కొన ఎంత యెత్తునకు పోవునో మనస్సు లెక్కింపదు. కన్ను నీటిమీద నుండును. తడిసిన వెదురును, తడిసిన దారమును నమ్మదగినవి కావు. తలపై తీగ కనబడిన చోట కఱ్ఱను విప్పరాదు. ఉఱుము వినబడినప్పుడు చుట్టివేసి ఇంటికి పోవలెను.

క్రొత్తవానికి 6 నుండి 7 అడుగుల పొడవు తగును. పొడవు హెచ్చిన దూరము పోవును, గుఱి తగ్గును. పిడికి పైన సన్నని యక్షరములతో కఱ్ఱ మోయగల దారపు బలమును, విసరదగిన బరువును వ్రాసియుందురు. 5–20 గ్రాములని యున్న కఱ్ఱతో ఏబది గ్రాముల గుండు విసరుట దానిని విఱుచుటకే. కొన మాత్రమే వంగు కఱ్ఱ గాలమును వేగముగా గ్రుచ్చును. మొదలివఱకు వంగునది చేప కుదుపును మెత్తగా నోర్చును. నడుమ వంగునది నేర్చుకొనువానికి మేలు. రెండు తునకల కఱ్ఱ మోయుటకు సులభము. ఒకదానిలో నొకటి దూఱు దుర్భిణీ రకము ముచ్చటగానే యుండును గాని, కీళ్ళలో ఇసుక చేరిన మొరాయించును. దారము నడచు వలయములలో బీట లున్నవేమో కంటికి కనబడవు. చిన్న దూదిపింజను ఒక్కొక్క వలయము లోపల త్రిప్పి తీయవలెను. పీచు చిక్కుకొన్న చోట దారమును చిక్కి తెగును. అంగడివాడు నవ్వినను ఈ పరీక్ష మానరాదు.

దారము, జనులు తంగూసు అని వ్యవహరించు నైలానుది, మూడున్నర నుండి నాలుగున్నర కిలోల బలముగలది చాలును. కండె అంచునకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా నింపవలెను. మఱీ తక్కువైనచో దారము అంచునకు రాచుకొని దూరము పోదు; అంచువఱకు నింపినచో చుట్టలు చుట్టలుగా జాఱిపడును. ముడిని బిగించుటకు ముందు నోటి తడి చేయవలెను. పొడిగా బిగించినచో రాపిడి వేడికి నైలాను బలహీనమగును. పనికిరాని దారమును గట్టున విడువరాదు. అది క్రుళ్ళదు. కొంగలకును, నీటికోళ్ళకును కాళ్ళకు చుట్టుకొని వానిని చంపును. ముక్కలుగా కత్తిరించి ఇంటి చెత్తలో వేయవలెను.

ఈ పరికరము ఏ చేపకు? బొచ్చె పైనీటను, శీలావతి నడినీటను, మ్రిగాల అడుగునను మేయును. బెండును జరుపుకొని లోతును మార్చుకొనవలెను. 1952లో మన దేశమునకు తేబడి, నీటినీటను వ్యాపించిన తిలాపియా, అనగా జిలేబీ చేప, వానపామునకు వెంటనే వచ్చును. నేర్చుకొనువానికి అదియే గురువు. తెలంగాణ రాష్ట్ర మత్స్యమైన కొర్రమీనును మాత్రము మొదటి యేడాది తలపెట్టరాదు. అది నాచులోనికి దూఱి సన్నని దారమును తెంపును; దానికి బలమైన కఱ్ఱ వేఱుగా కావలెను.

గట్టు మీదకు పోకముందు చెఱువు ఎవరిదో విచారింపవలెను. తెలుగు రాష్ట్రములలో పెక్కు చెఱువులపై చేపలు పట్టు హక్కు మత్స్యకారుల సహకార సంఘములది. వారు పిల్లలను కొని వదలి పెంచుకొన్న చేపను అడుగక పట్టుట, ఒకరి చేనిలో కంకులు విఱుచుటయే. అడిగినచో తఱచుగా కాదనరు. పైగా ఏ మూల లోతో, ఎచ్చట ఊబియో వారికి తెలిసినట్లు మఱియొకరికి తెలియదు. మందుగుండుతోను విషముతోను చేపలు చంపుటను 1897 నాటి భారత మత్స్య చట్టమే శిక్షార్హముగా చేసినది.

మొదటి వారము నీటితో పని లేదు. గాలము తీసి, పది పదునైదు గ్రాముల గుండు మాత్రము కట్టి, ఖాళీ మైదానమున ఇరువది యడుగుల దూరములో చేట నొకదానిని పెట్టవలెను. చూపుడువ్రేలి కొనతో దారమును పట్టి, కమ్మిని తెఱచి, వెనుక నెవరును లేరని చూచుకొని, కఱ్ఱను భుజముపైనుండి ముందునకు ఊపుచు, కొన కంటియెదుటకు వచ్చినపుడు వ్రేలు విడువవలెను. ముందుగా విడిచిన గుండు ఆకాశమునకు పోవును. ఆలస్యమైన పాదములకడ పడును. గుండు నేల తాకిన పిదప కమ్మిని పిడి త్రిప్పి కాక, చేతితోనే మూయవలెను. చుట్టునపుడు దారము కొంచెము బిగువుగా రావలెను. చేటలో పదింట ఆఱు పడుచున్నప్పుడు దానిని నలువది యడుగులకు జరుపవలెను. పదింట ఆఱు అచ్చటను పడిన నాడు గాలము కట్టవచ్చును.