వేళను బట్టి విద్యుత్ ధర: స్మార్ట్ మీటరు నేర్పే పొదుపు పాఠం

పిండిమర, రైసుమిల్లు, ఐసు ఫ్యాక్టరీ, శీతల గిడ్డంగి - వీటిలో దేనికి ఋణం కోరినా, ప్రాజెక్టు నివేదికలో యూనిట్ల సంఖ్యను ఒకే ధరతో హెచ్చించి విద్యుత్ ఖర్చు చూపుట మన అలవాటు. ఇకమీదట ఆ లెక్క చాలదు. ఎన్ని యూనిట్లు వాడినారన్న దానితోపాటు, ఏ వేళలో వాడినారన్నది కూడా బిల్లును నిర్ణయిస్తుంది. వాయిదా సొమ్ము మిగులునా, మిగలదా అన్నది కొందరి విషయంలో దీనిపైనే ఆధారపడవచ్చు.

వేళకు విలువ ఎందుకు?

విద్యుత్తు ధాన్యం వంటిది కాదు. దానిని భారీగా నిల్వ చేయుట నేటికీ ఖర్చుతో కూడిన పని. అందుచేత ఉత్పత్తి, వాడకం ప్రతి క్షణమూ సరితూగాలి. ఈ తూకానికి గుర్తు గ్రిడ్డు ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది 50 హెర్ట్జ్. వాడకం ఉత్పత్తిని మించితే ఇది పడిపోతుంది. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి సుమారు 60 కోట్ల మంది ప్రాంతాలు చీకటిలో మునిగినాయి. లైన్లపై అధిక భారం, కొన్ని రాష్ట్రాల అధిక వాడకం దానికి కారణాలలో ముఖ్యమైనవి. దక్షిణ గ్రిడ్డు అప్పటికి వేరుగా ఉన్నందున మనం తప్పించుకున్నాము. 2013 డిసెంబరు 31న అది జాతీయ గ్రిడ్డుతో అనుసంధానమైనది కనుక ఆ తూకంలో నేడు మనకూ భాగమున్నది.

మధ్యాహ్నం సౌరవిద్యుత్తు పుష్కలంగా లభిస్తుంది. సూర్యాస్తమయంతో అది ఆగిపోతుంది. సరిగా అదే వేళకు ఇంటింటా దీపాలు, ఫంకాలు మొదలవుతాయి. ఆ వేళ వాడకాన్ని కొంత పగటికి జరపగలిగితే అందరికీ మేలు. సరఫరాకు తగినట్లు వాడకాన్ని మలచుకొనే ఈ పద్ధతినే డిమాండ్ రెస్పాన్స్ అంటారు. పంపుసెట్లకు త్రీఫేజ్ విద్యుత్తును వంతుల వారీగా ఇచ్చుట దీనికే మోటు రూపం. అక్కడ వేళను విద్యుత్ శాఖ నిర్ణయిస్తుంది. ఇక్కడ ధరను చూచి మీరు నిర్ణయించుకుంటారు.

మీటరు చేసే పని

పాత మీటరు మొత్తం యూనిట్లను కూడి చూపుతుంది. స్మార్ట్ మీటరు 15 లేక 30 నిమిషాలకొకసారి వాడకాన్ని నమోదు చేసి, రేడియో లేక మొబైలు సంకేతాల ద్వారా పంపిణీ సంస్థ కంప్యూటరుకు పంపుతుంది. ఓల్టేజీ, గరిష్ఠ డిమాండు కూడా అందులో నమోదవుతాయి.

2023 జూన్‌లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, సౌరవేళలలో ధర సాధారణ ధర కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. గిరాకీ వేళలలో వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 1.20 రెట్లకు, ఇతరులకు 1.10 రెట్లకు తగ్గరాదు. 10 కిలోవాట్లు మించిన వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు 2024 ఏప్రిల్ 1, వ్యవసాయం తప్ప ఇతరులకు 2025 ఏప్రిల్ 1 గడువుగా నిర్ణయించినారు. అయితే మీకు వర్తించే ధరలు, వేళలు మీ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వులో చూచుకొనవలెను.

ఒక లెక్క

ఒక పిండిమర గంటకు 12 యూనిట్లు వాడుతున్నదనుకొనండి. సాధారణ ధర యూనిట్‌కు 7 రూపాయలని ఊహిద్దాము. గిరాకీ వేళ ధర 8.40, సౌరవేళ ధర 5.60, తేడా 2.80 రూపాయలు. రోజుకు 4 గంటల పనిని సాయంత్రం నుండి మధ్యాహ్నానికి జరిపితే 48 యూనిట్లపై 134.40 రూపాయలు, 25 పనిదినాలకు 3,360 రూపాయలు ఆదా. అదనపు యంత్రం అక్కరలేదు, అదనపు అప్పు అక్కరలేదు.

ఏది జరపవచ్చు, ఏది జరపరాదు?

పిండి ఆడించుట, ధాన్యం మరపట్టుట, ఐసు దిమ్మలు కట్టుట జరపదగిన పనులు. శీతల గిడ్డంగిని సరుకుకు తగిన ఉష్ణోగ్రత హద్దులలోనే మధ్యాహ్నం కొంత ఎక్కువ చల్లబరచి, సాయంత్రం కంప్రెసరు భారం తగ్గించవచ్చు.

చేపల, రొయ్యల చెరువుల ఏరేటర్ల విషయం వేరు. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. యూనిట్‌కు రెండు రూపాయలు మిగిలించబోయి ఏరేటర్లు ఆపితే పంట మొత్తం ఒక్క రాత్రిలో నష్టపోవచ్చు. ఆ పొదుపు మనకు వద్దు.

గుర్తుంచుకొనవలసినవి

1. స్మార్ట్ మీటరు పెట్టక ముందరి కాలానికి, అది చూపిన గరిష్ఠ డిమాండు ఆధారంగా జరిమానా విధించరాదని అవే నిబంధనలు చెబుతున్నవి.

2. ప్రీపెయిడ్ మీటరుకు సిద్ధపడిన వారి నుండి భద్రతా డిపాజిట్ కోరరాదని 2003 విద్యుత్ చట్టంలోని 47వ సెక్షను చెబుతున్నది. కాని నెల చివర కట్టే బిల్లు ముందే చెల్లించవలసి వస్తుంది. నిర్వహణ మూలధనం అంచనాలో దీనిని చేర్చండి.

3. డీలరు మిత్రులు మోటారు అమ్మునప్పుడు కొనుగోలుదారు పని వేళలను అడిగి, తగిన కెపాసిటరును, టైమరును సూచించవలెను. కొన్నవాని బిల్లు తగ్గితేనే మీ బాకీ సకాలంలో వసూలవుతుంది.

అభ్యాసం: మీ గత మూడు నెలల బిల్లులు ముందుంచుకొని, సాయంత్రం నడిపే యంత్రాలను, వాటి గంటలను రాయండి. జరపగల వాటిని గుర్తించి పై పద్ధతిలో ఆదా కట్టండి. తదుపరి ఋణ దరఖాస్తుకు ఆ కాగితాన్ని జతపరచండి. మీ చెల్లింపు శక్తికి అది మంచి సాక్ష్యం.